మిడ్‌ల్యాండ్ దాటాక కనిపించేవి ఆవుల రాంచులా, ఆయిల్ ఫ్యాక్టరీలా?

ఫ్రిస్కో_ఫణి
లాంగ్ వీకెండ్ వచ్చిందని పిల్లల్ని కార్ల్స్‌బాడ్ గుహలకి తీసుకెళ్ళాం. ఐ-20 పట్టుకుని మిడ్‌ల్యాండ్, ఒడెస్సా, పెకోస్, అక్కణ్ణుంచి 285 హైవే మీద న్యూమెక్సికోలోకి. వెస్ట్ టెక్సాస్ అనగానే మా ఆవిడ గుర్రాలు, టోపీలు, ఆవుల మందలు ఊహించుకుంది. తీరా చూస్తే తలూపే పంపులు, ట్యాంకులు, మంటలు, లారీలు. మా చిన్నది దారంతా లెక్కపెడితే ఆవులు పదకొండు. పంపులు రెండొందల దగ్గర విసుగొచ్చి ఆపేసింది. ఏసీలోంచి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేరే.
కానీ గేట్ల మీద ఇంకా ఫలానా రాంచ్ అనే బోర్డులే ఉన్నాయి. లోపల ఆవులున్నాయా అసలు? ఆ రాంచర్లు కోట్లు లెక్కపెట్టుకుంటున్నారా, తిట్టుకుంటున్నారా? ఈ నేల ఇలా ఎప్పుడు మారింది? తెలిసినవాళ్ళు చెప్పండి. గూగుల్ చేసుకోమని మాత్రం అనొద్దు.

అరకొర_జీతం
పెరట్లో నూనె పడినవాడు ఏడుస్తున్నాడంటే నేను నమ్మను. నా పెరట్లో పడితే రేపే రిజైన్ చేస్తా.

గోదారి_గట్టు
మీ పెరడు అపార్ట్‌మెంట్ బాల్కనీ కదా అన్నా, కొత్తిమీర పడటమే ఎక్కువ.

డ్రిల్లు_మావయ్య
రాజమండ్రి వైపు రిగ్గుల మీద పదకొండేళ్ళు చేసి ఇక్కడికొచ్చాను. 2012 నుంచి మిడ్‌ల్యాండే. ఫణి గారూ, ఆవులున్నాయి. మీకు కనపడకపోవడానికి కారణం ఆయిల్ ఒక్కటే కాదు. పెకోస్ వైపు ఏడాదికి పడేది పన్నెండు అంగుళాల వాన, అటూ ఇటూ. ఒక్క ఆవు బతకాలంటే యాభై అరవై ఎకరాలు కావాలి, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే. పదివేల ఎకరాల రాంచ్ అంటే మనకి సంస్థానంలా వినిపిస్తుంది, తీరా ఉండేది రెండొందల ఆవులు. వందేళ్ళ క్రితమూ అంతే. పచ్చిక బయలు అనుకుంటే పొరపాటు. అక్కడ పెరిగేది మెస్కీట్. మన సర్కారు తుమ్మకి వరసకి చుట్టం, బుద్ధి కూడా అదే.
ఎప్పుడు మారిందంటే, తేదీ చెప్పొచ్చు. 1923 మే 28. బిగ్ లేక్ ఊరి పక్కన శాంటా రీటా నంబర్ 1 అనే బావి. అసాధ్యమైన పనులకి మొక్కే సెయింట్ పేరు పెట్టి, డెరిక్ (రిగ్గు గోపురం) మీద నుంచి గులాబీ రేకులు చల్లి మొదలుపెట్టారు. ఇరవై నెలలకి పైగా తవ్వాక నూనె పడింది. ఆ నేల టెక్సాస్ యూనివర్సిటీది. ఎందుకూ పనికిరాదని ప్రభుత్వం యూనివర్సిటీకి అంటగట్టిన 21 లక్షల ఎకరాలు. అప్పటిదాకా గడ్డి లీజుకిచ్చుకుని చిల్లర సంపాదించేవాళ్ళు. ఇవాళ ఆ నూనె డబ్బుతో పెరిగిన ఫండు ప్రపంచంలోని యూనివర్సిటీ నిధుల్లోనే పెద్దవాటిలో ఒకటి. ఆ పాత రిగ్గుని ఆస్టిన్ క్యాంపస్‌లో నిలబెట్టారు, ఈసారి వెళ్తే చూడండి.

కోనసీమ_కొబ్బరి
తలూపే పంపుని మొదటిసారి చూసినప్పుడు నాకు ఏతం గుర్తొచ్చింది. అదే లివరు, అదే ఊపు. ఎక్కి తొక్కే మనిషి ఒక్కడే తక్కువ.

గోదారి_గట్టు
నాకైతే గంగిరెద్దు. ఏమడిగినా తలూపుతుంది. జీతం పెంచుతావా అంటే కూడా.

ఫ్రిస్కో_ఫణి
మావయ్య గారూ, శాంటా రీటా కథ బావుంది. కానీ అది యూనివర్సిటీ కథ. మామూలు రాంచర్ సంగతేంటి?

డ్రిల్లు_మావయ్య
మామూలు రాంచర్లలో అదృష్టవంతుడంటే ఐరా యేట్స్. రాంకిన్‌లో నడుస్తున్న కొట్టు ఇచ్చేసి, పెకోస్ నది పక్కన రాంచ్ తీసుకున్నాడు. చుట్టాలంతా పిచ్చోడన్నారట. పన్నులు, అప్పు వాయిదాలు కట్టలేక, తవ్వండయ్యా అని కంపెనీ వెంటపడ్డాడు. 1926లో పడింది చూడండి, అమెరికాలో పెద్ద ఆయిల్ ఫీల్డుల్లో అదొకటి. పక్కన పుట్టిన ఊరికి ఐరాఆన్ అని పేరు. ఐరా, ఆయన భార్య ఆన్, ఇద్దరి పేర్లూ కలిపి. చాలామంది ఇరాన్ అని చదివి కంగారుపడతారు.
ఇంకొకాయన ఉత్తర టెక్సాస్‌లో, వాగనర్ రాంచ్. ఆవులకి నీళ్ళ కోసం బోరు వేయిస్తే నూనె పడింది. ఆయన విసుక్కున్నాడు, నాకు కావాల్సింది నీళ్ళు అని. 1911కల్లా పక్కనే ఎలక్ట్రాలో బూమ్ వచ్చింది, విసుగు తగ్గిపోయింది.

అరకొర_జీతం
నేను చెప్పిందదే కదా. కొట్టు ఇచ్చి ఆయిల్ ఫీల్డు. ఏడుపెక్కడ?

దస్తావేజు
అరకొర గారూ, ఒక్క నిమిషం. నేను మిడ్‌ల్యాండ్‌లో ఒక లా ఆఫీసులో టైటిల్ పని చేస్తాను. అంటే కౌంటీ కోర్టు రికార్డుల్లో పాత దస్తావేజులు తిరగేసి, ఏ ముక్క కింద ఉన్నది ఎవరిదో తేల్చడం. మీరంతా వదిలేస్తున్న అసలు విషయం ఇది: టెక్సాస్‌లో నేలకి రెండు హక్కులు. పైన గడ్డి, ఇల్లు, కంచె, బావినీళ్ళు ఒకరివి. కింద నూనె, గ్యాస్ ఇంకొకరివి కావచ్చు. రాంచ్ అమ్మేటప్పుడు తాతగారు కింది హక్కు అట్టిపెట్టుకుని పైది మాత్రమే రాసిచ్చుంటే, ఇవాళ ఆ రాంచ్‌లో ఆవులు కాసుకునేవాడికి నూనె మీద రూపాయి రాదు. రాకపోగా, చట్టంలో కింది హక్కే పెద్దన్న. నూనె తీయడానికి సబబుగా ఎంత అవసరమైతే అంత పైనేల వాడుకోవచ్చు. రోడ్డు వేస్తారు, ప్యాడ్ (బావి కోసం చదును చేసిన జాగా) వేస్తారు. వద్దనే హక్కు పైవాడికి లేదు.
అందుకే ఒకే కంచెకి ఇటువైపు కొత్త పికప్, అటువైపు తుప్పు పట్టిన ట్రైలర్. ఫణి గారడిగిన ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది. కోట్లు లెక్కపెట్టేవాడూ, తిట్టుకునేవాడూ ఇద్దరూ రాంచర్లే. తేడా దస్తావేజులో ఒక్క వాక్యం.

గోదారి_గట్టు
అమ్మో. పైన ఇల్లు నాది, కింద నేల వేరేవాడిదా. అద్దె ఇల్లు నయం.

కోనసీమ_కొబ్బరి
మనకి అంతకంటే గొప్పగా ఉందా గురూ? ఇండియాలో కింద ఉన్న నూనె, గ్యాస్ అంతా ప్రభుత్వానిదే, తాతగారు అట్టిపెట్టుకోవడానికి కూడా ఏమీ లేదు. మా పెద్దనాన్న కొబ్బరితోట అంచున బావి తవ్వారు. వచ్చింది నేలకి కౌలు, చెట్లకి నష్టపరిహారం, అంతే. రాయల్టీ, అంటే తీసిన నూనెలో వాటా అనే మాట మా ఇంట్లో ఎవరూ వినలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి ఎగదన్నినప్పుడు నేను ఆరో తరగతి. రెండు నెలలకి పైగా మండింది. రాత్రిళ్ళు మా వాకిట్లో దీపం అక్కర్లేకుండా పుస్తకం చదివాను, అతిశయోక్తి కాదు. 2014లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా పోయారు. అలాంటి చోట పెరిగినవాణ్ణి, టెక్సాస్ రాంచర్‌కి నాలుగో వంతు రాయల్టీ అని వింటే కడుపు మండదూ మరి.

దస్తావేజు
కొబ్బరి గారూ, మండటం న్యాయమే. కానీ నాలుగో వంతు ఈ మధ్య లీజుల్లో మాట. పాతవన్నీ ఎనిమిదో వంతు. పైగా అది కూడా మూడు తరాల వాటాలైపోయి ఉంటుంది. నేను చూసిన ఒక ఫైల్లో 640 ఎకరాల ముక్కకి వాటాదారులు నూట ఇరవై మంది. ఒకావిడకి నెలకి వచ్చే చెక్కు నాలుగు డాలర్లు చిల్లర. మన ఊళ్ళో ఒక మామిడి చెట్టుని పదకొండు మంది పంచుకున్నట్టు.
ఇంకో సంగతి. న్యూమెక్సికో వైపు కథ మీ కోనసీమకి దగ్గర. 1916లో కేంద్రం ఒక చట్టం చేసింది, పశువులు పెంచుకునేవాళ్ళకి తలా 640 ఎకరాలిస్తాం, కింద ఖనిజాలు మాత్రం మావే అని. ఆ వారసులు ఇవాళ్టికీ పైనేల వాళ్ళే. వాళ్ళ కిటికీలోంచి కనిపించే బావుల డబ్బు వాషింగ్టన్‌కీ, న్యూమెక్సికో రాజధాని శాంటాఫేకీ పోతుంది.

పశువుల_డాక్టరమ్మ
తిరుపతిలో వెటర్నరీ చదివి, ఇక్కడ మళ్ళీ పరీక్షలన్నీ రాసి, ఇప్పుడు ఒడెస్సాకి ఉత్తరాన పెద్ద పశువుల ప్రాక్టీసులో ఉన్నాను. డబ్బుల లెక్క మీరు చూసుకోండి, నేను ఆవుల వైపు నుంచి చెప్తా.
ఆవుకి ఉప్పంటే ప్రాణం. నూనెతోపాటు కిందినుంచి వచ్చే నీళ్ళు సముద్రం నీళ్ళకంటే ఎన్నో రెట్లు ఉప్పన. పైపు ఎక్కడ కారినా ఆవులు అక్కడికే చేరి నాకుతాయి. నూనె కూడా తాగేస్తాయి, కొత్త వస్తువంటే వాటికి అంత కుతూహలం. తాగింది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. పోయిన వేసవిలో ఒక రాంచ్‌కి వెళ్తే, ట్యాంకుల గట్టు తెగి నిలిచిన మడుగు చుట్టూ తొమ్మిది ఆవులు. నాలుగు బతకలేదు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను, పరిహారం మాట ఇంకా నడుస్తోంది. రాంచర్ వయసు డెబ్బై దాటింది. ఆయన బాధ ఆవుల ధర గురించి కాదు. ఆ మందలో ఆవులన్నీ ఆయన అమ్మ కొన్న నాలుగు ఆవుల సంతతి.
రెండో బాధ గేట్లు. రోజుకి వంద లారీలు దూరే రాంచ్‌లో ఎవడో ఒకడు గేటు తీసి వదిలేస్తాడు. అందుకే గేట్ల బదులు రోడ్డుకి అడ్డంగా ఇనప కడ్డీల కేటిల్ గార్డులు వేయించుకుంటారు. ఆవు కాలు పెట్టదు, లారీ ఆగక్కర్లేదు. లీజులో మొదట బేరమాడాల్సింది దాని గురించే అని ముసలి రాంచర్లు చెప్తారు. డబ్బు గురించి తర్వాత.

ఫ్రిస్కో_ఫణి
డాక్టరమ్మ గారూ, మా చిన్నదానికి ఆ చనిపోయిన నాలుగు ఆవుల సంగతి చెప్పలేదు. థాంక్యూ, ఇలాంటిదే వినాలనుకున్నా.

అరకొర_జీతం
సరే, ఆవుల విషయంలో నా నోరు మూశారు. కానీ ఆయిల్ లేకపోతే ఆ రాంచులు ఉండేవా? 1950ల్లో ఏడేళ్ళ కరువులో టెక్సాస్‌లో ఎంతమంది పశువులు అమ్ముకుని పట్నాలకి పోలేదు? నిలబడ్డవాళ్ళలో చాలామందిని నిలబెట్టింది ఆయిల్ చెక్కే.

పశువుల_డాక్టరమ్మ
ఒప్పుకుంటా. మా క్లయింట్లలో సగం మందికి ఆవులు నష్టం, ఆయిల్ లాభం. ఒకాయన అంటాడు, మా ఆయిల్ బావి ఆవుల్ని పెంచుతోంది, ఆవులు నన్ను పెంచుతున్నాయి అని. ఆ మాట నవ్వుతూ అన్నాడో లేదో నాకు తెలీలేదు.

దస్తావేజు
ఇంకో మెలిక కూడా ఉంది. టెక్సాస్‌లో భూగర్భజలం పైనేల వాడిది. ఫ్రాకింగ్‌కి (నీళ్ళు, ఇసుక ఒత్తిడితో కింది రాయిని పగలగొట్టి నూనె తీయడం) ఒక్కో బావికి కోటి గ్యాలన్లు, ఒక్కోసారి అంతకు మించి నీళ్ళు కావాలి. కాబట్టి కింది హక్కు లేని రాంచర్ కూడా నీళ్ళు అమ్ముతాడు, రోడ్లకి కలీచీ అమ్ముతాడు (మన సుద్దగరుసు లాంటి తెల్లమట్టి), మురికినీళ్ళు తన నేలలోకి దించుకోనిచ్చి పీపాకి ఇంత అని తీసుకుంటాడు. కెర్మిట్, మోనహాన్స్ దగ్గరైతే ఇసుక కూడా. 2017 నుంచి అక్కడి దిబ్బల్ని ఫ్రాక్ ఇసుక కోసం తవ్వేస్తున్నారు. అలాంటి దిబ్బల్లో మాత్రమే బతికే చిన్న బల్లిని 2024లో అంతరించే జాతుల జాబితాలో చేర్చారు.

గోదారి_గట్టు
ఇసుక అమ్ముకోవడం మన ఊరి విద్యే కదా, అక్కడిదాకా వెళ్ళిందా?

మోడరేటర్
గట్టు గారూ, ఇసుక రాజకీయం ఇక్కడొద్దు. దానికి వేరే థ్రెడ్ ఉంది.

ఒడెస్సా_పిల్ల
నేను ఇక్కడే పుట్టి పెరిగాను, తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. నాన్న 1983లో డాక్టరుగా వచ్చారు. అదే ఏడాది మిడ్‌ల్యాండ్‌లో పెద్ద బ్యాంకు మూతపడింది. 1986లో నూనె ధర కూలాక మా వీధిలో ఇళ్ళు సగం ఖాళీ. అప్పట్లో బళ్ళ వెనక స్టిక్కరుండేదట: దేవుడా ఇంకో బూమ్ ఇవ్వు, ఈసారి తగలెయ్యను అని. నేను చూసిన పతనాలు 2015, 2020. 2020 ఏప్రిల్‌లో ఒక రోజు పీపా ధర సున్నా కిందకి, మైనస్ 37 డాలర్లకి పోయింది. తీసుకెళ్ళేవాడికి ఎదురు డబ్బులివ్వాలి. నాన్న ఆ రోజు టీవీ ముందు కూర్చుని, రెండు డ్రమ్ములు మన గ్యారేజ్‌లో పెట్టుకుందామా అన్నారు.
రాంచ్ పిల్లలు మా స్కూల్లో ఉండేవాళ్ళు. బూమ్‌లో వాళ్ళే మానేసేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళకి లారీ తోలితే టీచర్ కంటే ఎక్కువ జీతం, ఇంక ఆవుల వెనక ఎవరు తిరుగుతారు? రాంచుల్లో ఇప్పుడు కనపడేది తాతలు మాత్రమే. నేల పాడైందని అందరూ అంటారు. పని చేసే చేతులు పోవడం గురించి ఎవరూ అనరు.

డ్రిల్లు_మావయ్య
అమ్మాయి చెప్పింది నిజం. నా వాదన కూడా వినండి, నా ఉద్యోగం ఇదే కాబట్టి పక్షపాతం ఉందనుకోండి. 1970ల్లో ఈ పర్మియన్ బేసిన్ (మిడ్‌ల్యాండ్ చుట్టూ ఉన్న ఈ ఆయిల్ ప్రాంతమంతా) రోజుకి 20 లక్షల పీపాలు తీసేది. 2000 దాటాక పది లక్షల లోపుకి పడింది, అయిపోయింది అనుకున్నారు. ఇప్పుడు 60 లక్షల పైన. మన దేశం మొత్తం తీసేదానికి పది రెట్లు. అయినా ఒక్కో పీపా కోసం పైన పాడయ్యే నేల తగ్గింది. పాత రోజుల్లో ప్రతి నలభై ఎకరాలకి, కొన్నిచోట్ల ఇరవైకి, ఒక నిలువు బావి, దానికో ప్యాడ్, దానికో రోడ్డు. ఇప్పుడు ఒక్క ప్యాడ్ మీద అరడజను బావులు, అక్కణ్ణుంచి భూమిలో అడ్డంగా రెండేసి మైళ్ళు. ఫణి గారి పాప లెక్కపెట్టిన పంపుల్లో చాలావరకు వాళ్ళ తాతల కాలం నాటివే.

పశువుల_డాక్టరమ్మ
మావయ్య గారూ, ఆ తాతల కాలం బావుల సంగతే చెప్పరేం? మూయకుండా వదిలేసి కంపెనీ దివాలా తీస్తే, ఆ బావి రాంచర్ నెత్తిన. అలాంటి అనాథ బావులు టెక్సాస్‌లో వేలల్లో ఉన్నాయి. ఇంపీరియల్ ఊరి దగ్గర ఒక పాత బావి పొంగి చెరువే అయింది, బోమర్ లేక్ అంటారు. పచ్చగా అందంగా ఉంటుంది, గంధకం కంపు, పక్కన పక్షి వాలదు. నూనె కోసం తవ్వి, పడక, నీళ్ళ బావిగా రాసిచ్చిన బావి అది. అందుకని మాది కాదంటుంది రైల్‌రోడ్ కమిషన్.

గోదారి_గట్టు
ఆయిల్ బావికి రైల్వే వాళ్ళు ఏం చేస్తారు?

దస్తావేజు
హహ, అందరూ అడిగే ప్రశ్నే. టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్ చూసేది ఆయిల్, గ్యాస్. 1919 నుంచి. రైళ్ళతో సంబంధం 2005లోనే తెగిపోయింది. పేరు మాత్రం మార్చలేదు. పైన కూర్చునే ముగ్గుర్నీ జనం ఓట్లేసి ఎన్నుకుంటారు, ఎన్నికల ఖర్చు చందాలు ఎవరిస్తారో మీరే ఊహించుకోండి.

మోడరేటర్
ఊహ వరకే.

ఒడెస్సా_పిల్ల
వింక్ గోతుల గురించి ఎవరూ చెప్పలేదే! వింక్, కెర్మిట్ మధ్య 1980లో ఒకటి, 2002లో ఇంకొకటి, నేల ఒక్కసారిగా కూలిపోయింది. రెండోది ఇంకా పెద్దది. 1920ల నాటి ఆయిల్ ఫీల్డు అది. కింద ఉప్పు పొర ఉంది, పాత బావుల వెంట మంచినీళ్ళు దిగి ఉప్పుని కరిగించేశాయంటారు. స్కూల్లో మమ్మల్ని ఫీల్డ్ ట్రిప్‌కి తీసుకెళ్తారనుకున్నా, ఇన్సూరెన్స్ ఒప్పుకోలేదట.

డ్రిల్లు_మావయ్య
ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఒక తప్పు ఒప్పుకోవాలి. నేను పొగిడిన శాంటా రీటా దగ్గర, మొదటి రోజుల్లో ఉప్పునీళ్ళని మైదానం మీదకి అలాగే వదిలేశారు. టెక్సాన్ అనే ఊరి దగ్గర మైళ్ళ పొడవున చౌడు. వందేళ్ళయినా గడ్డి మొలవలేదు, ఉపగ్రహం ఫోటోలో తెల్ల మచ్చలా కనిపిస్తుంది. నేను మొదటిసారి చూసి ఉప్పుమడి అనుకున్నా.
ఇప్పుడు పైన వదలరు, కింద లోతు పొరల్లోకి దించుతారు. పెకోస్ వైపు ఒక పీపా నూనెకి మూడు నాలుగు పీపాల ఉప్పునీళ్ళు వస్తాయి. అంత నీళ్ళు కిందకి నెడితే కింద ఊరుకోదు. 2022 నవంబర్ 16న మెంటోన్ దగ్గర 5.4 భూకంపం. మా ఇంట్లో ఫ్యాన్ ఊగితే మా ఆవిడ నన్నే చూసింది, నేనే చేసినట్టు.

కోనసీమ_కొబ్బరి
మెంటోన్ అంటే ఆ లవింగ్ కౌంటీ కదా? జనాభా అరవై నాలుగు మంది అని ఎక్కడో చదివా.

దస్తావేజు
అవును, 2020 జనగణనలో 64. లారీలు రోజూ వేలల్లో. ఆ కౌంటీ కోర్టులో నేను కూర్చున్న రోజు రికార్డులు వెతికేవాళ్ళమే ఊరి జనంలో సగం ఉన్నాం.

అరకొర_జీతం
ఒక ప్రశ్న. పైనేల వాడికి కోర్టులో ఎప్పుడూ ఓటమేనా?

దస్తావేజు
ఎప్పుడూ కాదు. గెయిన్స్ కౌంటీ కేసు ఒకటి ఉంది, 1971. గెట్టీ ఆయిల్ మీద జోన్స్ అనే రైతు. పొలంలో చక్రాల మీద తిరుగుతూ తడిపే స్ప్రింక్లర్ పెట్టుకున్నాడు. కంపెనీ పంపులు ఎత్తుగా ఉండి దానికి అడ్డం. టెక్సాస్ సుప్రీంకోర్టు ఏమందంటే, పైవాడు ముందునుంచీ చేసుకుంటున్న పని చెడకుండా నూనె తీసే మామూలు పద్ధతి వేరేది ఉంటే కంపెనీ దాన్ని వాడాలి. పక్క పొలాల్లో పంపుల్ని గోతుల్లో దించి పెట్టారు, ఇక్కడెందుకు కుదరదు అని. ఇప్పటికీ రాంచర్ల లాయర్లు ముందు తీసేది ఆ తీర్పే. కానీ నిరూపించాల్సిన బరువు పైవాడిదే, లాయర్ ఫీజు కూడా.

ఫ్రిస్కో_ఫణి
నేను పదకొండు ఆవుల గురించి అడిగితే మీరు నాకు చట్టం, భూగర్భం, పశువైద్యం అన్నీ చెప్పేశారు. మా ఆవిడకి చదివి వినిపించా. ఆమె ప్రశ్న ఒక్కటే, ఆ డెబ్బై ఏళ్ళ రాంచర్ ఇంకా ఆవుల్ని ఉంచుకున్నాడా అని.

పశువుల_డాక్టరమ్మ
ఉంచుకున్నాడు. మందని ట్యాంకులకి దూరంగా ఉత్తరం కంచెలోకి మార్చాడు. అక్కడ గడ్డి తక్కువ, అందుకని పాతిక అమ్మేశాడు. పోయిన వారం ఒక ఆవుకి పురుడు కష్టమైందని పిలిస్తే వెళ్ళొచ్చా. రాత్రి పదకొండింటికి టార్చ్ తీయబోతే వద్దన్నాడు. ఫ్లేర్ (బావి దగ్గర కాల్చే గ్యాస్ మంట) వెలుగు సరిపోయింది. ఆడదూడ.

అరకొర_జీతం
మేము వచ్చే నెల కార్ల్స్‌బాడ్ ప్లాన్ చేస్తున్నాం. 285 మీద రాత్రి వెళ్ళొచ్చా, చిన్నపిల్లలున్నారు?

డ్రిల్లు_మావయ్య
వద్దు. పగలే వెళ్ళండి, హెడ్‌లైట్లు వేసుకునే ఉంచండి, ఇసుక లారీని ఓవర్‌టేక్ చేయకండి. షిఫ్ట్ దిగి నిద్రలో తోలేవాళ్ళే ఎక్కువ ఆ రోడ్డు మీద.

ఒడెస్సా_పిల్ల
వేసవిలో వెళ్తే పెకోస్‌లో కర్బూజా దొరుకుతుందేమో అడగండి. ఒకప్పుడు అమెరికా అంతటా పేరున్న పండు. నీళ్ళు తగ్గి ఇప్పుడు పండించేవాళ్ళు బాగా తగ్గారు.

గోదారి_గట్టు
దొరికితే రెండు. ఒకటి నాకు.